తేటగా ఉన్నంత మాత్రాన మంచి నీరు కాదు
ఇంట్లో సముద్రపు చేపలను పెంచేవారు తెలుసుకోవలసిన నీటి పరీక్షలు

రెండేళ్ళ క్రితం రంజాన్ పండుగకు పిల్లల చేతికి వచ్చిన ఈదీ డబ్బుకు మరికొంత కలిపి మా ఇంటికి ఒక గాజు తొట్టి తెచ్చాము. అడుగున తెల్లని ఇసుక, నాలుగు రాళ్ళు, ఉప్పు కలిపిన నీరు, అందులో నారింజ రంగు ఒంటి మీద తెల్లని చారలున్న రెండు క్లౌన్ చేపలు, ఒక నీలి రంగు డామ్సెల్ చేప. దుకాణదారు ఉదయం నీటిలో ఉప్పు కలిపించి, సాయంత్రానికే చేపలను చేతిలో పెట్టాడు. “వారానికి ఒకసారి ఫిల్టరును కుళాయి కింద కడగండి, చాలు” అన్నాడు. పిల్లల ఆనందానికి అంతు లేదు. పూటకు రెండుసార్లు మేత వేసేవారు.

ఐదో రోజు నుంచి చేపలు మేత ముట్టలేదు. నీటి ఉపరితలానికి చేరి ఆయాసపడుతున్నట్లు నోరు తెరిచి మూయసాగాయి. మొప్పలు వేగంగా కొట్టుకునేవి. ఏడో రోజు ఉదయం ఒక క్లౌన్ చేప, మధ్యాహ్నానికి రెండోది చనిపోయాయి. మా చిన్నమ్మాయి తొట్టి ముందు కూర్చుని అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. “అబ్బాజాన్, నీళ్ళు ఇంత తేటగా ఉన్నాయి కదా! మరి ఎందుకు చనిపోయాయి?”

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం వెతికి, అడిగి, చదివి, చివరకు చేత్తో పరీక్షించి తెలుసుకున్న విషయాలే ఈ వ్యాసం. సారాంశం ఒక్క మాటలో చెప్పాలంటే ఇది: చేపలను చంపే విషానికి రంగు లేదు, కొద్ది మోతాదులో వాసన కూడా తెలియదు. దాన్ని కన్ను పట్టలేదు, పరీక్ష మాత్రమే పడుతుంది.

సముద్రం వేరు, తొట్టి వేరు

సముద్రంలో చేప విసర్జించిన మలినం అపారమైన నీటిలో కలిసి క్షణంలో పలుచబడిపోతుంది. అక్కడి నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం ఒక్కరోజులో పెద్దగా మారవు. కాబట్టి సముద్రపు చేపల శరీరం నిలకడైన నీటికి అలవాటు పడింది. నదుల్లో, చెరువుల్లో బతికే చేపలకు వానకు, ఎండకు మారే నీటిని తట్టుకునే శక్తి ఎక్కువ. అటువంటి సముద్ర జీవిని వంద లీటర్ల గాజు పెట్టెలో ఉంచినప్పుడు, సముద్రం చేసే పని అంతా ఆ పెట్టె యజమాని మీద పడుతుంది.

ఈ కష్టం కొత్తది కాదు. 1846లో అన్నా థిన్ అనే ఆంగ్ల మహిళ ఇంగ్లండు తీరంలోని టార్కీ పట్టణం నుంచి పగడపు జీవులను లండన్‌లోని తన ఇంటికి తెచ్చుకున్నారు. నీటికి గాలి తగలడం కోసం ఆ నీటిని ఒక పాత్ర నుంచి మరో పాత్రలోకి ఎత్తి పోయించేవారు. ఆ పని ఇంటి పనిమనిషి ప్రతిరోజూ చాలాసేపు చేయవలసి వచ్చేది. తరువాత సముద్రపు నాచును కూడా నీటిలో ఉంచి ఆ జీవులను కొన్నేళ్ళు కాపాడగలిగారు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కోసం తొలి అక్వేరియం తెరుచుకుంది. నేడు చేతితో పోసే పనిని మోటారు చేస్తోంది. కాని నీటిలో ఏమి జరుగుతోందో కనిపెట్టి ఉండవలసిన బాధ్యత మాత్రం ఇప్పటికీ మనిషిదే.

మూడు మెట్ల ప్రయాణం

చేప తన మొప్పల ద్వారా నిరంతరం అమ్మోనియాను విసర్జిస్తుంది. తినకుండా మిగిలిన మేత, మలం, చనిపోయిన జీవులు కుళ్ళినప్పుడు కూడా అమ్మోనియాయే పుడుతుంది. ఇది మొప్పలను కాల్చినట్లు దెబ్బతీస్తుంది. చేప ఊపిరాడక పైకి వచ్చి నోరు తెరవడం ఇందుకే.

రాళ్ళ మీద, ఇసుకలో, ఫిల్టరులోని స్పాంజి మీద స్థిరపడే ఒక రకం బాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకొక రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ సూక్ష్మజీవుల పనిని 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాద్‌స్కీ నిరూపించారు. మూడింటిలో నైట్రేట్ హాని తక్కువది. దాన్ని నీరు మార్చడం ద్వారా తగ్గించుకోవచ్చు.

ఈ బాక్టీరియా కొత్త తొట్టిలో ఉండదు. అది కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మా ఇంట్లో జరిగిన తప్పు ఇదే. నీరు కొత్తది, ఇసుక కొత్తది, ఫిల్టరు కొత్తది. విషాన్ని మార్చే జీవులు లేని చోట విషాన్ని పుట్టించే జీవులను వేశాము. అంతో ఇంతో బాక్టీరియా పుట్టి ఉంటే దానిని కూడా కుళాయి కింద ఫిల్టరు కడిగి పోగొట్టాము, ఎందుకంటే కుళాయి నీటిలోని క్లోరిన్ బాక్టీరియాను చంపడానికే కలుపుతారు. ఫిల్టరు స్పాంజిని కడగవలసి వస్తే తొట్టి నుంచి తీసిన ఉప్పు నీటిలోనే మెల్లగా పిండాలి.

సరైన పద్ధతి ఏమిటంటే, చేపలు లేకుండానే తొట్టిని సిద్ధం చేయడం. నీరు నింపి, మోటారు నడుపుతూ, చిటికెడు మేతనో ఒక చిన్న పచ్చి రొయ్యనో అందులో కుళ్ళనివ్వాలి. రెండు రోజులకు ఒకసారి పరీక్షిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. మొదట అమ్మోనియా పెరుగుతుంది. కొన్ని రోజులకు అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. తరువాత నైట్రైట్ తగ్గి నైట్రేట్ కనిపిస్తుంది. అప్పుడు అమ్మోనియం క్లోరైడ్ ద్రావణాన్ని 2 పి.పి.ఎం. మేరకు, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఉండేలా కలిపి చూడాలి. ఇరవై నాలుగు గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే తొట్టి సిద్ధమైనట్లు. ఆపై కొంత నీరు మార్చి, మొదట ఒకటి రెండు చేపలను మాత్రమే వేయాలి. మళ్ళీ రెండు మూడు వారాలు ఆగి, పరీక్షలో సున్నా నిలకడగా వస్తేనే ఇంకొకటి తేవాలి.

ఉప్పు నీటిలో అమ్మోనియా ఎందుకంత ప్రమాదం?

నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి స్వేచ్ఛా అమ్మోనియా, ఇది తీవ్రమైన విషం. రెండోది అమ్మోనియం, దీని హాని చాలా తక్కువ. ఏ రూపం ఎంత ఉంటుందన్నది ముఖ్యంగా నీటి పి.హెచ్. విలువను బట్టి, కొంత ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. 25 డిగ్రీల వద్ద పి.హెచ్. 7 ఉన్న మంచినీటి తొట్టిలో మొత్తం అమ్మోనియాలో విష రూపం వందకు ఒక వంతు కూడా ఉండదు. సముద్రపు నీటికి సహజమైన 8.2 వద్ద అది వందకు సుమారు ఏడు వంతులకు చేరుతుంది. అంటే పరీక్షలో రెండు తొట్లకూ ఒకే అంకె వచ్చినా, ఉప్పు నీటి చేపకు ముప్పు పది రెట్లకు పైనే.

దీని నుంచి ఒక జాగ్రత్త తెలుస్తుంది. అమ్మోనియా ఉన్న నీటిలో పి.హెచ్. తక్కువగా ఉందని మందు వేసి ఒక్కసారిగా పెంచితే చేపను మనమే చంపినట్లవుతుంది. మొదట అమ్మోనియాను తగ్గించాలి, పి.హెచ్. సంగతి ఆ తరువాత చూడాలి.

నైట్రైట్ విషయంలో పరిస్థితి తారుమారు. ఉప్పు నీటిలో విస్తారంగా ఉన్న క్లోరైడ్, నైట్రైట్ చేప శరీరంలోకి ప్రవేశించకుండా చాలావరకు అడ్డుకుంటుంది. అయినా నైట్రైట్ కనిపించిందంటే తొట్టి ఇంకా కుదురుకోలేదని, లేదా ఎక్కడో బాక్టీరియా దెబ్బతిన్నదని అర్థం. నైట్రేట్ చేపలు మాత్రమే ఉన్న తొట్టిలో 20 పి.పి.ఎం. లోపు ఉంటే మంచిది. 40 దాటితే నీరు మార్చడం ఆలస్యమైందని గ్రహించాలి.

ఉప్పదనాన్ని కొలవడం

సముద్రపు నీటిలో కిలోకు సగటున 35 గ్రాముల లవణాలు ఉంటాయి. నీటి సాంద్రత ద్వారా కొలిస్తే 25 డిగ్రీల వద్ద ఇది సుమారు 1.026 అవుతుంది. ఆ లవణాల్లో వంటింటి ఉప్పు సుమారు 85 శాతం మాత్రమే. మిగిలినది మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్ మొదలైనవి. అందువల్ల వంట ఉప్పు కలిపిన నీరు సముద్రపు నీరు కాదు. అక్వేరియం కోసం తయారయ్యే సముద్ర లవణాన్నే వాడాలి. లీటరుకు దాదాపు 35 నుంచి 40 గ్రాములు పడుతుంది. పొట్లం మీద రాసిన కొలత ప్రకారం వేసి, మోటారుతో ఒక రోజు తిప్పి, కొలిచి, ఆ తరువాతే వాడాలి.

తీర ప్రాంతాల వారికి బిందెలతో సముద్రపు నీరు తెచ్చుకుంటే సరిపోదా అన్న ఆలోచన రావడం సహజం. ఒడ్డున దొరికే నీటిలో మురుగు, నూనె కలిసి ఉండే అవకాశం ఎక్కువ. పైగా గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ వంటి మహానదులు కలవడం వల్ల బంగాళాఖాతపు ఉపరితల జలం ఉప్పదనం తక్కువది. వర్షాకాలం తరువాత అది మరింత పడిపోతుంది. తెచ్చిన నీటిని కూడా కొలవకుండా వాడరాదు.

కొలిచే సాధనాలు రెండు. హైడ్రోమీటరు చౌక. కాని దాని ముల్లుకు చిన్న గాలి బుడగ అంటుకున్నా అంకె తప్పుతుంది. కాబట్టి నీరు పోశాక తట్టి బుడగలను వదిలించాలి. రిఫ్రాక్టోమీటరు మెరుగైనది. రెండు చుక్కల నీరు వేసి వెలుతురు వైపు తిప్పి చూస్తే గీత కనిపిస్తుంది. దీన్ని 35 లవణీయత గల ప్రామాణిక ద్రావణంతో అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. శుద్ధ జలంతో సున్నా దగ్గర మాత్రమే సరిచేసిన పరికరం 35 దగ్గర తప్పు చూపవచ్చు.

మన వేసవిలో దీని అవసరం మరీ ఎక్కువ. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. వంద లీటర్ల తొట్టిలో 35 లవణీయత ఉందనుకుందాం. అంటే అందులో మూడున్నర కిలోల ఉప్పు ఉంది. అయిదు లీటర్లు ఆవిరైతే అదే ఉప్పు 95 లీటర్లలో మిగిలి లవణీయత దాదాపు 37కు చేరుతుంది. కనుక తగ్గిన నీటి స్థానంలో ప్రతిరోజూ శుద్ధమైన మంచినీరే పోయాలి, ఉప్పు నీరు పోయరాదు. తొట్టి గాజు మీద ఒక గీత గీసుకుని రోజూ ఆ గీత వరకు నింపడం సులభమైన పద్ధతి.

ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. అదీగాక ఒకే ఉష్ణోగ్రత వద్ద మంచినీటి కంటే ఉప్పు నీటిలో దాదాపు అయిదో వంతు తక్కువ ప్రాణవాయువు ఉంటుంది. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి మోటారు ఆగితే చేపలకు ఎంత కష్టమో దీన్ని బట్టి ఊహించవచ్చు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపును ఇంట్లో ఉంచుకోవడం ఉత్తమం. నీటి ఉపరితలం మీదికి ఫ్యాను గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గించవచ్చు. అయితే అప్పుడు నీరు మరింత వేగంగా ఆవిరవుతుందని మరువరాదు.

పి.హెచ్., క్షారత

సముద్రపు తొట్టిలో పి.హెచ్. 8.0 నుంచి 8.4 వరకు ఉండడం ఆదర్శం. ఇది రోజంతా ఒకేలా ఉండదు. పగలు నాచు కార్బన్ డయాక్సైడును పీల్చుకోవడం వల్ల సాయంత్రానికి పెరుగుతుంది. రాత్రి మళ్ళీ తగ్గి తెల్లవారుజామున అతి తక్కువకు చేరుతుంది. కాబట్టి ఒక రోజు ఫజర్ తరువాత, మరో రోజు మగ్రిబ్ ముందు కొలిచి ఆ రెండు అంకెలను పోల్చుకుని కంగారుపడరాదు. ఎప్పుడు కొలిచినా ఒకే వేళ కొలవాలి. తలుపులు మూసి ఏ.సి. వేసిన గదిలో మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడు పేరుకోవడం వల్ల కూడా పి.హెచ్. తగ్గుతుంది. కిటికీ తెరిస్తే మందు లేకుండానే సరవుతుంది.

పి.హెచ్.ను నిలబెట్టే శక్తి పేరు క్షారత. దీన్ని డి.కె.హెచ్. అనే ప్రమాణంలో కొలుస్తారు. సహజ సముద్ర జలంలో సుమారు 7 ఉంటుంది. తొట్టిలో 7 నుంచి 12 మధ్య ఉండవచ్చు. ఈ పరీక్షలో రంగుల పట్టిక అవసరం ఉండదు. నీటిలో ఒక్కొక్క చుక్క వేస్తూ రంగు మారేవరకు లెక్కపెట్టాలి. క్షారత తగ్గితే వంటసోడాతో పెంచవచ్చు. వంద లీటర్ల నీటిలో ఒక డి.కె.హెచ్. పెరగడానికి సుమారు 3 గ్రాముల వంటసోడా చాలు. దాన్ని శుద్ధ జలంలో కరిగించి మెల్లగా పోయాలి. ఒక రోజులో ఒక డి.కె.హెచ్. కంటే ఎక్కువ పెంచరాదు. బేకింగ్ పౌడరు వేరు, దాన్ని వాడరాదు.

కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్ పరీక్షలు పగడపు జీవులను పెంచే వారికి ముఖ్యం. చేపలు మాత్రమే పెంచే ఇంటికి వీటి అవసరం తక్కువ. మొదటి నెలల్లో అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పి.హెచ్., క్షారత, లవణీయత, ఉష్ణోగ్రత, ఈ ఏడూ తెలిస్తే చాలు.

ఏ నీటిలో ఉప్పు కలపాలి?

పట్టణాల కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. మన ప్రాంతాల బోరు నీటిలో కాఠిన్యం ఎక్కువ, కొన్నిచోట్ల నైట్రేట్, ఫ్లోరైడ్ కూడా ఉంటాయి. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ సమస్య తెలియని తెలుగువారు ఉండరు. ఆ నీటిలోనే సముద్ర లవణం కలిపితే మొదటి రోజే నైట్రేట్ కనిపించవచ్చు.

ఆర్.ఓ. యంత్రం నుంచి వచ్చిన నీరు మంచిది. అయితే మన ఇళ్ళలోని తాగునీటి ఆర్.ఓ. యంత్రాల్లో చాలావాటికి రుచి కోసం ఖనిజాలను మళ్ళీ కలిపే ఏర్పాటు ఉంటుంది. ఇరవై లీటర్ల డబ్బా నీళ్ళు కూడా అంతే. తక్కువ ధరకు దొరికే టి.డి.ఎస్. మీటరును నీటిలో ముంచి చూస్తే సంగతి తెలుస్తుంది. అంకె సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. సున్నాకు తేవాలంటే ఆర్.ఓ. తరువాత డీఅయోనైజింగ్ రెజిన్ గొట్టం అమర్చుకోవాలి. టి.డి.ఎస్. మీటరు కరిగిన పదార్థాల మొత్తాన్ని చెబుతుందే కాని, అవేమిటో చెప్పదు. అది టెస్ట్ కిట్‌కు ప్రత్యామ్నాయం కాదు.

పరీక్షలో జరిగే పొరపాట్లు

ద్రవం చుక్కలతో చేసే టెస్ట్ కిట్లు ఇంటికి సరిపోతాయి. అమ్మోనియా కిట్లలో ఎక్కువ వాటిలో నీరు పసుపు రంగులో ఉంటే సున్నా, ఆకుపచ్చకు తిరిగితే అమ్మోనియా ఉన్నట్లు. నైట్రైట్ ఉంటే నీరు గులాబీ రంగుకు మారుతుంది. జర్మనీకి చెందిన రసాయన శాస్త్రవేత్త పీటర్ గ్రీస్ 1879లో వివరించిన చర్యే నేటికీ దీనికి ఆధారం. నైట్రేట్ పరీక్షలో మొదట నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి, అదే రంగును తెప్పిస్తారు. అందువల్ల నీటిలో నైట్రైట్ మిగిలి ఉన్న రోజుల్లో నైట్రేట్ అంకె అసలు కంటే ఎక్కువగా వస్తుంది. అప్పుడు దాన్ని నమ్మనవసరం లేదు.

చిన్న విషయాల్లోనే పెద్ద తప్పులు జరుగుతాయి. కిట్ ఉప్పు నీటికి పనికివచ్చేదేనా, గడువు తేదీ దాటిందా అన్నది మొదట చూడాలి. మంచినీటికి, ఉప్పు నీటికి రంగుల పట్టికలు వేరుగా ఉంటే సరైనదాన్నే ఎంచుకోవాలి. గాజు గొట్టాన్ని పరీక్షించబోయే నీటితోనే రెండుసార్లు కడగాలి. సీసాను ఏటవాలుగా కాక నిలువుగా పట్టుకుంటేనే చుక్కలు సమానంగా పడతాయి. నైట్రేట్ కిట్ సీసాలో పదార్థం అడుగున పేరుకుంటుంది కనుక చెప్పినంతసేపు గట్టిగా కుదపాలి. కుదపకపోతే ఎంత చెడ్డ నీరైనా మంచిదిగానే కనిపిస్తుంది. గొట్టాన్ని వేలితో మూయరాదు, మూతతోనే మూయాలి. చెప్పిన నిమిషాలు ఆగి, తెల్ల కాగితం ముందు, పగటి వెలుతురులో రంగు చూడాలి.

రంగు పసుపా, లేత ఆకుపచ్చా అని అనుమానం వస్తే కొత్తగా కలిపిన ఉప్పు నీటిని పక్కనే పరీక్షించండి. రెండింటి రంగు ఒకటే అయితే తప్పు తొట్టిలో లేదు, కిట్‌లోనో ఉప్పులోనో ఉంది. ఒక్క పరీక్ష చూసి మందులు పోయడం కంటే మరోసారి పరీక్షించడం మేలు.

ఈ సీసాల్లో కొన్నింటిలో గాఢమైన క్షారం, మరికొన్నింటిలో ఆమ్లం ఉంటాయి. పిల్లలు పక్కన ఉండి చూడవచ్చు, రంగు చెప్పవచ్చు, కాని చుక్కలు పెద్దలే వేయాలి. పరీక్ష ముగిసిన నీటిని తిరిగి తొట్టిలో పోయరాదు.

టెస్ట్ కిట్‌కు అందని విషాలు కూడా ఉన్నాయి. దోమల మందు పిచికారీ చేపలకు ప్రాణాంతకం. సబ్బు, అత్తరు అంటిన చేతులు తొట్టిలో పెట్టరాదు. నీటి పనికి వాడే బకెట్టును ఇల్లు తుడవడానికి వాడరాదు. అన్ని పరీక్షలూ బాగున్నా చేపలు తల్లడిల్లుతుంటే వీటిని అనుమానించాలి.

చెడు ఫలితం వచ్చినప్పుడు

అమ్మోనియా కనిపించిన వెంటనే మేత ఆపాలి. చేప ఒకటి రెండు రోజులు మేత లేకుండా ఉండగలదు. రాళ్ళ వెనుక చనిపోయిన జీవి ఏదైనా ఉందేమో చూసి తీసివేయాలి. గాలి సరఫరా పెంచాలి. ఆపై నాలుగో వంతు నుంచి సగం వరకు నీరు మార్చాలి. కొత్త నీటి ఉష్ణోగ్రత, లవణీయత, పి.హెచ్. పాత నీటితో సరిపోలాలి. మరుసటి రోజు మళ్ళీ పరీక్షించి, అవసరమైతే మళ్ళీ మార్చాలి.

నీరు మార్చడంలో లెక్క తేలిక. నైట్రేట్ 40 ఉన్న తొట్టిలో నాలుగో వంతు నీరు మారిస్తే 30 అవుతుంది, సగం మారిస్తే 20 అవుతుంది. మార్చిన తరువాత పరీక్షిస్తే లెక్క ప్రకారం అంకె తగ్గాలి. తగ్గలేదంటే కొత్త నీటిలోనే నైట్రేట్ ఉందేమో చూసుకోవాలి.

తొట్టి కుదురుకునే వరకు రెండు రోజులకు ఒకసారి, కొత్త చేప వచ్చిన తరువాత రెండు వారాల పాటు రెండు మూడు రోజులకు ఒకసారి, ఆపై వారానికి ఒకసారి పరీక్షలు చేయాలి. ఉష్ణోగ్రతను, నీటి మట్టాన్ని రోజూ చూడాలి. ఫలితాలన్నీ తేదీతో ఒక నోటుపుస్తకంలో రాయాలి. ఒక్క రోజు అంకె కంటే వారాల వరుస ఎక్కువ చెబుతుంది. నైట్రేట్ ప్రతివారం 5 పెరుగుతోందంటే మేత ఎక్కువైందో, చేపలు ఎక్కువయ్యాయో ముందుగానే తెలుస్తుంది.

కొనే ముందు

కొనాలనుకునే వారికి రెండు మాటలు. క్లౌన్ చేపలను గుడ్ల దశ నుంచి పెంచే పద్ధతులను మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది. కాబట్టి సముద్రం నుంచి పట్టిన వాటికంటే పెంపక కేంద్రాల్లో పుట్టిన చేపలను అడిగి తీసుకోండి. అవి తొట్టి జీవితానికి త్వరగా అలవాటు పడతాయి. దిబ్బలను కట్టే పగడపు జీవులు, సముద్ర గుర్రాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. వాటిని మన సముద్రాల నుంచి సేకరించడం, అమ్మడం నేరం. ఎవరైనా చౌకగా ఇస్తామన్నా తీసుకోరాదు.

నెలన్నర ఆగలేని వారు, వారానికి అరగంట కేటాయించలేని వారు సముద్రపు చేపలను తేకపోవడమే మంచిది. కట్టివేసిన పిల్లికి తిండి పెట్టని స్త్రీ ఉదంతం మనందరికీ తెలిసినదే. గాజు గోడల మధ్య ఉన్న చేప కూడా తన నీటిని తాను మార్చుకోలేదు, మంచి నీరు వెతుక్కుంటూ వెళ్ళలేదు.

మా తొట్టిలో ఆనాడు మిగిలిన నీలి డామ్సెల్‌ను తెలిసినవారి పాత తొట్టికి పంపి, మాది ఖాళీగా ఆరు వారాలు నడిపాము. ఆ ఆరు వారాలూ మా చిన్నమ్మాయి నోటుపుస్తకంలో గీతలు గీసి అంకెలు నింపింది. అమ్మోనియా అంకె పెరిగి, తగ్గి, సున్నా అయిన రోజు తానే చదివి వినిపించింది. తరువాత వచ్చిన రెండు క్లౌన్ చేపలకు ఇప్పుడు ఏడాదిన్నర దాటింది. జుమా రోజు సాయంత్రం నేను చుక్కలు వేస్తాను, తను రంగు చూసి చెబుతుంది. కిందటి వారం ఒక బంధువు వచ్చి తొట్టి చూసి, “నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో!” అన్నారు. మా అమ్మాయి పుస్తకం తెరిచి ఆ వారపు అంకెలు చూపించి, “తేటగా ఉండడం కాదు బాబాయ్, ఇవి చూడండి” అంది.